వేడి తగలని ముక్క

"నానే సంపేసినాను బావూ. రాసుకోండి."

మల్లేశు ఆ మాట ఎంత సులువుగా అన్నాడంటే, ఫణికుమార్‌కి వెంటనే అనుమానం వచ్చింది. ప్రైవేటు డిటెక్టివుగా నేరం ఒప్పుకునేవాళ్ళని అతను చాలామందిని చూశాడు. నిజంగా చేసినవాడు ఆ మాట దాకా వచ్చి ఆగుతాడు. చుట్టూ తిరుగుతాడు. మంచినీళ్ళు అడుగుతాడు. మల్లేశు మాత్రం బస్సులో టిక్కెట్టు చూపించినట్టు చూపించేశాడు. ఎప్పటినుంచో జేబులో పెట్టుకుని, అడిగేవాడి కోసం ఎదురుచూస్తున్న టిక్కెట్టు.

లాకప్ ఊచల అవతల గచ్చు మీద కూర్చున్నాడు మల్లేశు. ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. కాలుతున్న షెడ్డులోకి దూరి దానయ్యని బయటికి లాగబోయి కాల్చుకున్నది అది. లాగలేకపోయాడు.

మొన్న సాయంత్రం జంగ్లీఘాట్ రేవులో మత్స్యకారుల సొసైటీ పెట్రోలు షెడ్డు తగలబడింది. లోపల ఉన్న స్టోర్‌కీపర్ దానయ్య చనిపోయాడు. సునామీ వచ్చి రెండో ఏడు నడుస్తోంది. సాయం కింద వచ్చిన బోటు ఇంజన్లన్నిటికీ పెట్రోలు ఆ షెడ్డు నుంచే. డ్రమ్ములు రేవు దాకా పడవలో వస్తాయి. నీళ్ళ అంచున డ్రమ్ము నిలబెట్టి, దానికి చేతిపంపు బిగించి మల్లేశు తిప్పుతాడు. పెట్రోలు పొడవాటి నల్ల పైపులోంచి ఇసక మీదుగా షెడ్డులోకి వెళుతుంది. అక్కడ దానయ్య, పైపు చివర ఉన్న ఇత్తడి మూతిని ఇనప ట్యాంకులో పెట్టి పట్టుకుంటాడు.

మల్లేశు పంపు వదిలేసి షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి బీడీ వెలిగించాడని పోలీసుల కథ. అతని జేబులో బీడీకట్ట దొరికింది. అతను కాదనలేదు. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు ఇదే మాట చెబితే ఇక ఆ కథకి తిరుగులేదు.

"బీడీ ఎక్కడ వెలిగించావు?" అడిగాడు ఫణికుమార్.

"షెడ్డు కాడ."

"లోపలా, బయటా?"

"గుమ్మం కాడ."

"దానయ్య చూశాడా?"

"సూసే ఉంటాడు."

"ఏమన్నాడు?"

మల్లేశు తలెత్తాడు. "ఏటంతాడు? ఏటీ అనలేదు."

పెట్రోలు వాసన వచ్చేంత దూరంలో ఎవడు బీడీ తీసినా దానయ్య చెంప పగలగొట్టేవాడని అతని భార్య సింహాచలమ్మ నిన్ననే చెప్పింది. ఫణికుమార్‌ని ఈ కేసులోకి పిలిచింది ఆమే. భర్త పోయిన మర్నాడే ఆస్టినాబాద్ పేటకి వచ్చి, అతని గది తలుపు తట్టి, "మల్లేశు సెయ్యలేదు బాబూ, ఎవులు సేసినారో సూడండి" అంది. చచ్చినవాడి భార్య, చంపినవాడనుకుంటున్న మనిషి కోసం రావడం అతన్ని రాత్రంతా ఆలోచనలో పడేసింది. అతనికి నిద్ర తక్కువ. అనుమానాలు ఎక్కువ.

"సరే. మంట లేచినప్పుడు మొదట నీకేం తెలిసింది? చప్పుడా, వెలుగా?"

"సప్పుడే బావూ. టప్పుమన్నాది. తడిగుడ్డ దులిపితే ఎలగుంటాదో అలగ. తలెత్తి సూసినాను. ఆ దూరాన షెడ్డు సూరు ఎర్రగా..."

"దూరానా? గుమ్మం దగ్గరే ఉన్నావుగా?"

మల్లేశు చేతికట్టు అంచు సర్దుకున్నాడు.

"ఆ చప్పుడు వినేసరికి నీ కుడిచెయ్యి ఎక్కడుంది?"

"పంపు మీ..." అంటూ ఆగిపోయాడు.

ఫణికుమార్ ఊచల దగ్గరికి జరిగాడు. "కుడిచెయ్యి పంపు మీద ఉంటే, బీడీ ఎవరు వెలిగించారు మల్లేశూ?"

మల్లేశు కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. "ఈ సెయ్యే బావూ. ఈ సెయ్యే ఒగ్గీసినాది."

"దేన్ని?"

"గవరమ్మని."

హట్‌బేలో సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున ఎడమచేత్తో కొబ్బరిచెట్టునీ, కుడిచేత్తో భార్య గవరమ్మనీ పట్టుకున్నాడు మల్లేశు. రెండో అల వెనక్కి లాగినప్పుడు కుడిచెయ్యి ఖాళీ అయింది. ఈ సంగతి సింహాచలమ్మ చెప్పింది. అతను చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి కావచ్చు.

ఫణికుమార్ రాసుకోలేదు. దాన్ని రాసుకోవడానికి ఏ కాగితంలోనూ గడి లేదు. అప్పటినుంచీ ఈ మనిషి శిక్ష వెయ్యగలిగేవాడి కోసం వెతుకుతున్నాడు. సముద్రం మీద కేసు పెట్టలేరు, చెయ్యి జారినందుకు శిక్ష లేదు. ఇప్పుడు పోలీసులే వచ్చి ఒక నేరం చేతిలో పెడితే, వద్దనలేదు.

కానీ ఇది ఊహ. మేజిస్ట్రేటు ముందు ఊహలు చెల్లవు.

*

"అరే ఫణీ భయ్యా, చెయ్యలేదన్నవాడు చేశాడని నిరూపించేవాళ్ళని చూశాను. చేశానంటున్నవాడు చెయ్యలేదని నిరూపిస్తావా? దునియాలో ఎక్కడన్నా విన్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ సాంబశివరావు. కాకినాడ నుంచి ఉద్యోగం మీద ఈ దీవులకి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. చెడ్డవాడు కాదు. దగ్గరలో ఉన్న జవాబుని దూరం పోనివ్వడు, అంతే. బల్ల మీద కరెంటు కెటిల్‌లో నీళ్ళు మరుగుతున్నాయి. టీ ఆయన సొంతంగా కలుపుకుంటాడు.

ఎదురు కుర్చీలో గిరిధర్ ఉన్నాడు. మెరిసే కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా. సాయం సంస్థలు తెప్పించే సామాను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఇంజనీరు. ఆ నల్ల పైపులకి ఏడాది క్రితం సర్టిఫికెట్టు ఇచ్చింది అతనే. ఇప్పుడు ప్రమాదం మీద రిపోర్టు రాసిందీ అతనే.

"వంట చేసినవాణ్ణే ఉప్పు చూడమన్నట్టుంది," అన్నాడు ఫణికుమార్.

"ఉప్పు సరిపోతే ఎవరు చూసినా ఒకటే," గిరిధర్ నవ్వాడు. "మీకు సైన్సు ఎంత దాకా తెలుసో నాకు తెలీదు. చిన్నగా చెబుతాను. పెట్రోలు పైపులో పారుతుంటే రాపిడికి కరెంటు పుడుతుంది. మామూలు ప్లాస్టిక్కయితే అది ఎటూ పోలేక పోగుపడి, ఎక్కడో ఒకచోట రవ్వయి ఎగురుతుంది. అందుకే ఈ ప్లాస్టిక్కులో కార్బన్ మసి కలిపారు. పుట్టిన కరెంటు పుట్టినట్టే పైపు వెంట జారి నేలలోకి దిగిపోతుంది. ఇదిగో."

సంచిలోంచి మసిబారిన పైపు ముక్క తీశాడు. మీటరు తీగలు రెండు చివర్లా ఆనించాడు. సూది చటుక్కున అటు చివరికి వెళ్ళింది.

"పారుతోంది. అంటే పైపు పని పైపు చేసింది. రవ్వ పైపుది కాదు. మరి బీడీదే కదా?"

"ఇది ఎక్కడి ముక్క?"

"షెడ్డు గోడ పక్కన దొరికింది."

"మిగతా పైపు?"

"కాలిపోయింది."

"మొత్తం?"

"మొత్తం." గిరిధర్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. అవి తుడవక్కర్లేనంత శుభ్రంగా ఉన్నాయి.

ఫణికుమార్ ఆ ముక్క అందుకున్నాడు. ఒక పక్క బుడిపెలుగా పొంగింది. మెత్తబడి, సాగి, మళ్ళీ గట్టిపడినట్టు వంకర తిరిగింది. విశాఖపట్నంలో కేబుల్ ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి నల్ల ప్లాస్టిక్కు అతని చేతుల మీదుగా చాలా పోయింది. అక్కడ విన్నదేదో మనసు అడుగున కదిలింది, పైకి రాలేదు.

"నా రిపోర్టు మీద నమ్మకం లేదా?" అన్నాడు గిరిధర్.

"నాకు నా గడియారం మీదే నమ్మకం లేదండి. మీరేమీ అనుకోకండి."

"అనుమానం ఒక జబ్బు ఫణికుమార్ గారూ."

"అవును. కానీ జబ్బుపడ్డవాడికే వాసనలు ఎక్కువ తెలుస్తాయి."

సాంబశివరావు విసుక్కున్నాడు. "బస్ కరో బాబా, చాలించండి ఇద్దరూ. నాలుగింటి దాకా టైముంది. ఏం తెస్తావో తే."

*

రేవులో సింహాచలమ్మ నిలబడి ఉంది. మూడోనాడే బయటికి వచ్చిందని వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఆమె వాళ్ళవైపు చూడలేదు.

షెడ్డు రేకులు లోపలికి కుంగాయి. ట్యాంకు మూతి దగ్గర ఇత్తడి ముక్క కరిగి అంటుకుంది. మంట అక్కడే మొదలైంది, దానయ్య చేతుల్లో. ఫణికుమార్ నేల చూశాడు. షెడ్డు చుట్టూ ఇసక నల్లబడింది. పది పన్నెండు అడుగులు దాటాక ఇసక మామూలు రంగులోనే ఉంది. అక్కడ పడి ఉన్న ఎండుటాకుకి కూడా సెగ తగల్లేదు.

అతను నీళ్ళ అంచు దాకా నడిచాడు. డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది. చేతిపంపు మూతికి నల్ల పైపు జానెడు మిగిలి ఉంది. దాని తెగిన చివర నున్నగా ఉంది.

కాలిన ప్లాస్టిక్కు ముడుచుకుంటుంది, కారుతుంది. కత్తితో కోస్తేనే ఇలా తెగుతుంది. మంట చేరని చోట, తడి ఇసక మీద పడున్న పొడవాటి పైపుని, మంట ఆరిన తర్వాత ఎవరో కోసి పట్టుకుపోయారు. గిరిధర్ మాత్రం మొత్తం కాలిపోయిందన్నాడు. ఇక్కడిదాకా నడిచి చూడకుండా అన్నాడా? చూసి అన్నాడా?

"ఈ రెండు రోజుల్లో ఇక్కడికి ఎవరొచ్చారమ్మా?"

"ఊరంతా వొచ్చినారు."

"నువ్వు?"

సింహాచలమ్మ అతని మొహంలోకి సూటిగా చూసింది. "నన్నేటి అలగ సూత్తన్నారు? పైపు నాను కోసీసినాననా?"

నిజమే, ఒక్క క్షణం అతను అదే అనుకున్నాడు. మనిషి దుఃఖం ఎదురుగా నిలబడి ఉంటే, దాని వెనక ఏముందోనని తొంగిచూసే అలవాటు. సిగ్గుపడ్డాడు గానీ చూపు తిప్పుకోలేదు.

"అడగడం నా పని."

"అడగండి బాబూ, తప్పేటి? కానీ బేగి అడగండి. మా మరిది గోవిందు అవతలొడ్డున బాంబూఫ్లాట్ షెడ్డులో ఇదే పని సేత్తన్నాడు, ఇదే పైపుతోటి. ఆడు ఇంటికొచ్చేదాకా మా అత్త గుమ్మంలోంచి లెగట్లేదు. ఒక కొడుకు అయిపోనాడు గదా."

ఫణికుమార్ రేవంతా మళ్ళీ కలయజూశాడు. అతని చూపు రేవు పైన టీకొట్టు మీద ఆగింది. కొట్టు పక్కన కుళాయి, కుళాయికి నల్ల పైపు, పైపు చివర నీలం డ్రమ్ము.

కొట్టు కామమ్మది. అతను వంగి పైపుని పట్టుకోగానే గరిటె చేత్తోనే బయటికి వచ్చింది.

"ఏటి బాబూ, దాన్నొగ్గీ! మూడ్రోజులకోపాలి నీళ్ళొస్తాయి, ఇప్పుడే వొదుల్తాడు!"

"ఇది ఎక్కడిది?"

"మా ఆయన తెచ్చినాడు."

"నీ మొగుడు పోయి పదేళ్ళయింది గదే!" అంది వెనకనుంచి సింహాచలమ్మ.

కామమ్మ గరిటె దించింది. "ఇసకలో పడున్నాది సింహాచలం. ఎవులికీ అక్కర్నేదనుకున్నాను. మంటార్పిన మర్నాడు పొద్దున్నే కోసి తెచ్చుకున్నాను. పైపు ముక్కకి కూడా డిటెట్టివుని ఎట్టుకుంతావనుకున్నానా ఏటి?"

ఫణికుమార్ తన సంచిలోంచి మీటరు తీశాడు. పైపు మధ్యలో, రెండు జానల ఎడంగా తీగలు గుచ్చాడు. సూది కదల్లేదు. ఇంకోచోట గుచ్చాడు. కదల్లేదు. పైపు నల్లగా, మసితో నిండి, గోడలా మూగగా ఉంది.

గిరిధర్ ముక్కలో అంత హుషారుగా పరిగెత్తిన కరెంటు, అదే పైపు మిగతా సగంలో అడుగు కూడా వెయ్యడం లేదు.

ఫణికుమార్ కుళాయి దగ్గరి చివరకి వచ్చి గుచ్చాడు. సూది లేచింది. పూర్తిగా లేచింది. బెత్తెడు ఇవతలికి జరిపితే మళ్ళీ పడిపోయింది.

"కామమ్మా, కుళాయికి ఇదెలా ఎక్కించావు? పైపు సన్నం, కుళాయి లావు."

"ఎలగేటి? అందరూ ఎలగెక్కిస్తారో అలగే. టీ నీళ్ళలో ముంచితే మెత్తబడతాది. తోసీడమే. మల్లేశు కూడా పంపుకి బిగించినప్పుడల్లా ఇక్కడికొచ్చే ముంచుకెళ్తాడు, రెండు కొసలూ. ఈ రేవులో అందరిదీ అదే పద్దతి."

"రెండో చివర కూడా ముంచు. నా ఎదురుగా."

ఆమె అనుమానంగా చూస్తూనే, కోసిన చివరని మరుగుతున్న గిన్నెలో పెట్టింది. పెట్టేముందు అతను కొలిచాడు. సూది చచ్చినట్టు పడి ఉంది. కాసేపాగి తీయించి, తుడిచి, చల్లారనిచ్చి మళ్ళీ కొలిచాడు. సూది లేచింది.

మనసు అడుగున కదిలింది ఇప్పుడు పైకి వచ్చింది. కేబుల్ ఫ్యాక్టరీలో ముసలి ఫోర్‌మన్ అనేవాడు: మసి ఎక్కువైతే ప్లాస్టిక్కు జంతికల పిండిలా బిగుస్తుంది. దాన్ని తొందరగా నెట్టేవాడు లాభపడతాడు, నిదానంగా నెట్టేవాడు రాత్రి హాయిగా నిద్రపోతాడు. మసి రేణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటేనే కరెంటు నడుస్తుంది. బిగుసుకున్న పిండిని సన్నటి కంతలోంచి జోరుగా నెడితే ఆ ఒరిపిడికి చేతులు విడిపోతాయి. విడిపోయినవి విడిపోయినట్టే గట్టిపడతాయి. మసి అంతే ఉంటుంది, రంగు అంతే ఉంటుంది, కరెంటు ఉండదు. దాన్ని మళ్ళీ వేడిచేసి, కదపకుండా మెత్తబడనిస్తే, రేణువులు మెల్లగా జరిగి మళ్ళీ చేతులు పట్టుకుంటాయి.

వేడినీళ్ళు రెండు చివర్లనీ బాగుచేశాయి. మధ్యంతా చచ్చే ఉంది. అంటే దానయ్య పట్టుకున్న ఇత్తడి మూతి దగ్గర పోగైన కరెంటుకి నేలలోకి దారి లేదు. అది ఎదురుగా ఉన్న ఇనప ట్యాంకులోకే ఎగిరింది. తడిగుడ్డ దులిపినట్టు చప్పుడు.

ఇక షెడ్డు పక్కన దొరికిన ముక్క? దాన్ని మంటే బాగుచేసింది. మనిషిని చంపిన పైపు, ఆ మంటలోనే నిర్దోషిగా తయారైంది.

"బాబూ," అంది కామమ్మ భయంగా. "నామీద కేసెడతారా?"

"లేదు."

"మరైతే ఒక మాట. ఇదేదో మాయ అన్నట్టు సూత్తన్నారు గానీ, ఆ అద్దాల సారు కూడా ఇలగే సేసినాడు. పైపులొచ్చిన రోజున. సూదున్న పెట్టె పట్టుకుని పొద్దున్నుంచీ తిట్టుకుంటానే ఉన్నాడు. మజ్జానం ఒక బకెట్టు మరిగిన నీళ్ళు కావాలన్నాడు. సాయంత్రం నవ్వుకుంటా పోయినాడు."

ఫణికుమార్ పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రేవులో అందరూ పైపుని వేడినీళ్ళలో ముంచుతారు. గిరిధర్ కూడా బిగించడానికే ముంచి ఉండొచ్చు. తెలియక చివర్లు కొలిచి, తెలియక సంతకం పెట్టి ఉండొచ్చు. అలా అయితే అది పొరపాటు. తెలిసి చేస్తే హత్యకి కాస్త ఇవతల. ఆ రెంటికీ మధ్య తేడా గిరిధర్ తలలో తప్ప ఎక్కడా లేదు. తల లోపలికి మీటరు తీగలు గుచ్చలేం.

మరి తలలో ఉన్నది చేతికి దిగేలా చెయ్యాలి.

వేడి తగలని భాగాన్ని రెండుగా కోశాడు. పొడుగు ముక్క సింహాచలమ్మకిచ్చి, "దీన్ని ఎండలో కూడా పెట్టకు. ఎవరికీ ఇవ్వకు," అన్నాడు. జానెడు ముక్క జేబులో పెట్టుకున్నాడు.

"కామమ్మా, కొట్లో కొవ్వొత్తి ఉందా? అంటించి ఇవ్వు."

"పట్టపగలు కొవ్వొత్తేటి బాబూ?"

"చీకటిగా ఉంది," అన్నాడు.

*

మూడు దాటింది. సాంబశివరావు గదిలో గిరిధర్ ఇంకా ఉన్నాడు, మేజిస్ట్రేటు దగ్గరికి ఇన్‌స్పెక్టరుతో కలిసి వెళ్ళడానికి. ఫణికుమార్ జానెడు ముక్కని బల్ల మీద పెట్టి, మీటరు తీగలు ఆనించాడు. సూది కదల్లేదు.

"సముద్రం వైపు సగం కాలిపోలేదు. ఇది దాని ముక్క. పైపు చచ్చింది గిరిధర్ గారూ. మీ రిపోర్టు కూడా."

గిరిధర్ మొహంలో రంగు మారింది, కానీ గొంతు మారలేదు. "రెండు రోజులు ఉప్పునీళ్ళలో నానిందేమో. పాడైపోయి ఉంటుంది."

"ఉప్పునీళ్ళు కరెంటుని ఇంకా బాగా మోస్తాయి కదండీ. ఆ మాత్రం సైన్సు నాకూ తెలుసు." ఫణికుమార్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు ఈ ముక్కనే కొలుస్తాను. సూది కదలకపోతే మల్లేశుని వదిలేయాలి. కదిలిందా, ఇక ఈ ఊళ్ళో నా మాట ఎవరూ వినక్కర్లేదు. మూటాముల్లె సర్దుకుని పోతాను."

"పక్కా?"

"పక్కా. పదండి, మల్లేశుతో ఒకసారి మాట్లాడాలి. మీరూ ఉండాలి."

"గిరిధర్ సాబ్, మీరు టీ తీసుకోండి. నీళ్ళు పెట్టే ఉన్నాయి," అంటూ లేచాడు సాంబశివరావు.

నడవలోకి రాగానే ఫణికుమార్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "పావుగంట దాకా ఆ గదిలోకి మీరుగానీ, మీ వాళ్ళుగానీ వెళ్ళకండి."

"క్యోం?"

"అనుమానం ఒక జబ్బు. నయమవుతుందేమో చూద్దాం."

మల్లేశుని సంకెళ్ళు వేసి లాకప్ నుంచి బయటికి తెచ్చారు. ఫణికుమార్ అతన్ని ఏమీ అడగలేదు. ముగ్గురూ నడవలో బెంచీ మీద కూర్చున్నారు. ఒక నిర్దోషి, తెలివైనవాడు, అయిదడుగుల దూరంలో ఆ ముక్కని చూస్తూ ఏం చేస్తాడు? ఏమీ చెయ్యడు. టీ తాగుతాడు. గిరిధర్ టీ తాగాలనే ఫణికుమార్ కోరుకున్నాడా? తనకే తెలియలేదు. మనిషి మీద పెట్టిన వల ఖాళీగా వస్తే సంతోషించే రకం కాదు తను. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు.

లోపలికి వెళ్ళేసరికి గిరిధర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పైపు ముక్క బల్ల మీద, పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. పొడిగా ఉంది.

ఫణికుమార్ మీటరు తీశాడు. తీగలు రెండు చివర్లా ఆనించాడు.

సూది చటుక్కున అటు చివరికి వెళ్ళింది.

"అరే!" అన్నాడు సాంబశివరావు. "భయ్యా, నీ సామాను సర్దుకో."

గిరిధర్ చిన్నగా నవ్వాడు. "చెప్పానుగా. తడి ఆరింది. పైపు మంచిదే."

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ ముక్క లోపల చూడండి. కొవ్వొత్తి మైనం చుక్క ఒకటి అంటించి తెచ్చాను, బఠాణీ గింజంత."

సాంబశివరావు ముక్కని వెలుగుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. "ఏమీ లేదే."

"కెటిల్ మూత తియ్యండి."

నీళ్ళ మీద పల్చటి మైనం పొర నూనెలా తేలుతోంది.

సాంబశివరావు మూతని చేతిలోనే పట్టుకున్నాడు. ఫణికుమార్ నెమ్మదిగా చెప్పాడు. "వేడిచేస్తే ఈ పైపు బాగుపడుతుందని నేను ఈ గదిలో ఎవరికీ చెప్పలేదు. మీరు రిపోర్టులో రాయలేదు. తెలియనివాడు చచ్చిన పైపు ముక్కని టీ నీళ్ళలో ముంచడు గిరిధర్ గారూ. పైపులు వచ్చిన రోజునే మీకు తెలుసు. మధ్యలో చచ్చాయనీ తెలుసు, చివర్లు ముంచి కొలిస్తే సర్టిఫికెట్టు వస్తుందనీ తెలుసు. మల్లేశు ఏమీ చెయ్యకుండా అంతా ఒప్పుకున్నాడు. మీరు నోరు తెరవకుండా ఒప్పుకున్నారు."

గిరిధర్ కళ్ళద్దాలు తీశాడు. ఈసారి తుడవలేదు. "వెనక్కి పంపితే ఇంకో ఏడాది పట్టేది. ఇంజన్లు వచ్చి ఊరికే పడున్నాయి. అందరూ పైపులేవీ, పైపులేవీ అని నా ప్రాణం తీశారు. ఏమీ కాదనుకున్నాను. ఏడాది పాటు ఏమీ కాలేదు కూడా."

సాంబశివరావు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన గొంతులోంచి హిందీ, హాస్యం రెండూ పోయాయి. "ఇలాంటి పైపులు ఇంకా ఎక్కడున్నాయి?"

గిరిధర్ గోడ గడియారం వైపు చూశాడు. ఫణికుమార్ కూడా అటే చూశాడు.

"బాంబూఫ్లాట్," అన్నాడు గిరిధర్. "ఇక్కడి షెడ్డు పోయింది కదా. ఈ వారం డ్రమ్ములన్నీ ఇవాళ అక్కడే దింపుతున్నారు."

"సింహాచలమ్మ చెబుతూనే ఉంది, నేనే మరిచాను. అక్కడ పైపు పట్టేది ఆమె మరిది గోవిందే!" అన్నాడు ఫణికుమార్.

సాంబశివరావు ఫోను లాక్కుని బాంబూఫ్లాట్ సొసైటీ నంబరు తిప్పాడు. చాలాసేపు మోగాక ఎవరో తీశారు. అవతలి గొంతు గదంతా వినిపించింది.

"గోవిందన్నా? ఇప్పుడు రాడు సార్. పైపు పట్టుకుని ట్యాంకు కాడ ఉన్నాడు, పంపు తిప్పుతున్నారు. కామ్ ఖతమ్ అయ్యాక ఆడే ఫోను చేస్తాడు."

"అరే, ఆపమను! విను..."

అవతల పెట్టేశారు. మళ్ళీ తిప్పితే ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ ఎంగేజ్.

"ఫెర్రీ ఎప్పుడు?" అరిచాడు ఫణికుమార్.

"ఇప్పుడే వెళ్ళిపోయి ఉంటుంది."

అప్పుడు గుమ్మం దగ్గర కదలిక వినిపించింది. మల్లేశు. అందరూ అతన్ని మరిచిపోయారు. అతను గోవిందు పేరు విన్న దగ్గర్నుంచీ లేచి నిలబడే ఉన్నాడు. కట్టు ఉన్న చేతినీ, లేని చేతినీ కలిపి ఇన్‌స్పెక్టరు ముందుకి చాచాడు, సంకెళ్ళతో సహా.

"ఫెర్రీ ఎందుకు బావూ? నా బోటు రేవులో ఉన్నాది. ఇవి తీసీండి. బేగి."

సాంబశివరావు అతని మొహంలోకి చూశాడు. "నువ్వు బీడీ వెలిగించావా, లేదా? ఒక్కటి చెప్పు."

మల్లేశు కుడిచెయ్యి ఒకసారి మూసి తెరిచాడు.

"నేదు," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తాళంచెవి తీశాడు.